సాల్టో వేరు, సాల్తో వేరు: జిమ్నాస్టిక్స్ మాటలు ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి వెళ్తే ఏమవుతుంది

‘ఫ్రంట్ సాల్టో ఆన్ వాల్ట్’. జిమ్నాస్టిక్స్ పోటీల్లో ఇంగ్లీషు కామెంటేటర్లు మామూలుగా వాడే మాట ఇది. సాల్టో అంటే గాల్లో వేసే పల్టీ, వాల్ట్ అంటే పరుగెత్తుకొచ్చి ఒక పరికరం మీద చేతులు మోపి ఎగిరే అంశం. దీన్ని స్పానిష్‌లో పెట్టమంటే సగం పని అప్పుడే అయిపోయిందనిపిస్తుంది, ఎందుకంటే సాల్టో అనే మాట స్పానిష్‌లోనూ ఉంది, స్పెల్లింగ్ కూడా అదే. కానీ సరైన అనువాదం ఇలా ఉంటుంది: ‘మోర్తాల్ అదెలాంతె ఎన్ సాల్తో’. ఇంగ్లీషులో సాల్టో ఉన్న చోట స్పానిష్‌లో ‘మోర్తాల్’ వచ్చింది. స్పానిష్ సాల్తో మాత్రం వెళ్లి ‘వాల్ట్’ స్థానంలో కూర్చుంది. ఒకే మాట రెండు వాక్యాల్లోనూ ఉంది, కానీ చెప్పేది వేర్వేరు సంగతులు.

ప్రతి ఒలింపిక్స్ తర్వాత జిమ్నాస్టిక్స్‌కి కొత్త మార్కుల నియమావళి వస్తుంది, ఇప్పుడు 2025–2028 నియమావళి నడుస్తోంది. 2028 ఒలింపిక్స్ జరిగే లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లు లెక్కలేనంత మంది. వీడియోలకి సబ్‌టైటిల్స్ ఇప్పుడు మెషీన్లే వేస్తున్నాయి. ఇవన్నీ కలిసేసరికి, ఒకే విన్యాసానికి ఒక్కో చోట ఒక్కో పేరు కనిపించి, ఏది సరైనదో తెలియక జనం తికమకపడుతున్నారు. నిజానికి చాలాసార్లు రెండు పేర్లూ సరైనవే. అసలు తప్పులు వేరే చోట దాక్కుని ఉంటాయి, వాటినే ఇక్కడ విప్పి చూద్దాం.

తెలుగులో రాయడం వల్ల మనకి ఒక మేలు ఉంది. మన లిపిలో ‘ట’ వేరు, ‘త’ వేరు. ఇంగ్లీషువాళ్ల మాట సాల్టో, స్పానిష్‌వాళ్ల మాట సాల్తో. రోమన్ లిపిలో ఈ రెండూ ఒకేలా కనిపించి ముంచుతాయి, మనకి మాత్రం కంటితో చూడగానే తేడా తెలిసిపోతుంది.

## ముందు కదలిక అర్థం కావాలి: పల్టీ, మెలిక, ఒంటి ఆకారం

గాల్లోకి లేచిన జిమ్నాస్ట్ ఒళ్లు ముఖ్యంగా రెండు రకాలుగా తిరుగుతుంది. ఒకటి పల్టీ, అంటే తల కిందికి కాళ్లు పైకి వెళ్లి మళ్లీ మామూలు స్థితికి రావడం. ఇంకోటి మెలిక, అంటే నడినెత్తి నుంచి పాదాల దాకా ఒక ఇరుసు ఉందనుకుంటే దాని చుట్టూ బొంగరంలా తిరగడం. ఈ రెండూ ఒకేసారి జరగొచ్చు, చూసేవాళ్లకి కళ్లు తిరిగేది అక్కడే.

మూడోది ఆకారం. మోకాళ్లు గుండెకి హత్తుకుని ముడుచుకుంటే ఇంగ్లీషులో టక్, స్పానిష్‌లో ‘అగ్రుపాదో’. కాళ్లు చాచి నడుము దగ్గర మాత్రమే మడిస్తే పైక్, స్పానిష్‌లో ‘కార్పాదో’. ఒళ్లంతా నిటారుగా ఉంచితే లేఅవుట్, దానికి స్పానిష్‌లో ‘ఎక్స్‌తెందీదో’ అని గానీ ‘ప్లాంచ’ అని గానీ అంటారు.

అగ్రుపాదో, కార్పాదోలతో ఎవరికీ పేచీ లేదు. ప్లాంచ దగ్గరే కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టెని కూడా ప్లాంచ అనే అంటారు, అది వదిలేయండి. రింగుల మీద చేతులు కిందికి ఆనించి ఒళ్లంతా నేలకి సమాంతరంగా గాల్లో నిలబెట్టే బలప్రదర్శన ఉంది చూడండి, దాని పేరు కూడా ప్లాంచే. ఇంగ్లీషులో దానికి ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ‘ప్లాంష్’ అనే మాట విడిగా ఉంది, లేఅవుట్‌తో కలవదు. స్పానిష్‌లో మాత్రం ఒకే మాట అటు కదలని భంగిమకీ, ఇటు గిరగిరా తిరిగే పల్టీకీ పనిచేస్తుంది. పక్కన ‘మోర్తాల్’ ఉందా లేదా అన్నది చూసుకుంటే ఏది ఏదో తెలుస్తుంది.

## ఒకే ఇటాలియన్ మాట రెండు ముక్కలైన కథ

పల్టీకి ఇటాలియన్‌లో ‘సాల్తో మోర్తాలె’ అంటారు, అంటే ప్రాణాంతకమైన దూకు. సర్కస్ రోజుల పేరు అది, భయపెట్టేలా ఉండటంలో వింత లేదు. స్పానిష్‌లోనూ పూర్తి పేరు ‘సాల్తో మోర్తాల్’. కాలక్రమంలో ఏమైందంటే, ఇంగ్లీషు జిమ్నాస్టిక్స్ మొదటి ముక్కని ఉంచుకుని రెండోది వదిలేసింది, స్పానిష్ జిమ్నాస్ట్‌లు రెండోది ఉంచుకుని మొదటిది వదిలేశారు. అందుకే అదే పల్టీని వీళ్లు సాల్టో అంటారు, వాళ్లు మోర్తాల్ అంటారు.

స్పానిష్‌లో ‘సాల్తో’కి మిగిలిన అర్థం చాలా పెద్దది. ఎలా దూకినా సాల్తోనే. గోడ దూకినా సాల్తోనే, హైజంప్ కూడా సాల్తోనే, జిమ్నాస్టిక్స్‌లో వాల్ట్ అనే పరికరం పేరూ సాల్తోనే. ఇంగ్లీషు నియమావళిలో దూకడంలోనే తేడాలు పెట్టారు. రెండు కాళ్లతో లేస్తే జంప్, ఒక కాలితో లేచి ఇంకో కాలి మీద దిగితే లీప్, లేచిన కాలి మీదే దిగితే హాప్. ఇవన్నీ స్పానిష్‌లో ‘సాల్తో’ గొడుగు కిందికే వస్తాయి. అయితే కాళ్లు రెండూ ముందుకీ వెనక్కీ పూర్తిగా చాచి చేసే స్ప్లిట్ లీప్‌కి మాత్రం వాళ్ల దగ్గర చక్కటి సొంత మాట ఉంది: ‘సాంకాద’. మామూలు భాషలో సాంకాద అంటే పెద్ద అంగ. కాలువ మీంచి అంగ వేసి దాటినట్టు, గాల్లో అంగ వేయడం అన్నమాట. నాకు ఇంగ్లీషు పేరు కన్నా ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ఆ కదలిక ఎలా ఉంటుందో మాటలోనే కనిపిస్తుంది.

ఇక్కడ అనువాదకులు తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. ఇంగ్లీషు వాక్యంలో ‘లీప్’ అని ఉంటే, అది స్ప్లిట్ లీపేనా కాదా అని వీడియో చూసి గానీ సందర్భం చూసి గానీ తేల్చుకోవాలి. స్ప్లిట్ లీపైతే సాంకాద, కాకపోతే సాల్తో అని రాసి పక్కన ఏ రకమో చెప్పాలి. డిక్షనరీలో దీనికి జవాబు దొరకదు.

## ట్రిపుల్ డబుల్: లెక్క ఎటునుంచి మొదలెట్టాలి

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2019లో స్టుట్‌గార్ట్ ప్రపంచ పోటీల్లో ఫ్లోర్ మీద చేసి తన పేరు పెట్టించుకున్న విన్యాసాన్ని ఇంగ్లీషులో ట్రిపుల్ డబుల్ అంటారు. నియమావళిలో దానికి అప్పుడు ‘జె’ విలువ ఇచ్చారు, అంటే కష్టానికి ఒక పూర్తి పాయింటు. ఈ పేరులో ‘ట్రిపుల్’ మెలికల లెక్క, ‘డబుల్’ పల్టీల లెక్క. రెండు పల్టీలు పూర్తయ్యేలోగా మూడు మెలికలు.

స్పానిష్‌లో పూర్తిగా చెబితే ‘దోబ్లె మోర్తాల్ అగ్రుపాదో కోన్ త్రీప్లె పిరువేత’. వరస తిరగబడింది. ముందు పల్టీలు చెప్పి, వాటికి తోడుగా మెలికలు చెబుతారు. ఇంగ్లీషు వరసలోనే మాటకి మాట పెట్టి ‘త్రీప్లె దోబ్లె’ అని రాస్తే, స్పానిష్ చదివే క్రీడాభిమానికి ముందు గుర్తొచ్చేది బాస్కెట్‌బాల్. ఒకే మ్యాచ్‌లో మూడు విభాగాల్లో రెండంకెల లెక్క సాధిస్తే దాన్ని అక్కడా అలాగే అంటారు. జిమ్నాస్టిక్స్ బాగా తెలిసినవాళ్లకి ఇబ్బంది లేదు గానీ పేపర్లో శీర్షికగా పెడితే మాత్రం కొత్తవాళ్లు దారితప్పుతారు.

ఇంతకన్నా తరచుగా జరిగే పొరపాటు ‘ఫుల్’ దగ్గర. ఇంగ్లీషు జిమ్‌లో ఫుల్ అంటే నిండు అని కాదు, ఒక పూర్తి మెలిక, 360 డిగ్రీలు. ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి:

‘డబుల్ ఫుల్’ అంటే ఒక పల్టీ, అందులో రెండు మెలికలు. స్పానిష్‌లో ‘మోర్తాల్ కోన్ దోబ్లె పిరువేత’.

‘ఫుల్ ట్విస్టింగ్ డబుల్’ అంటే రెండు పల్టీలు, వాటిలో ఒక మెలిక. స్పానిష్‌లో ‘దోబ్లె మోర్తాల్ కోన్ పిరువేత’.

రెండు ఇంగ్లీషు పేర్లలోనూ ‘డబుల్’ ఉంది, ‘ఫుల్’ ఉంది, కానీ ఒకచోట డబుల్ అనేది మెలికల లెక్క, ఇంకోచోట పల్టీల లెక్క. స్పానిష్‌లో ఈ చిక్కు రాదు, ‘దోబ్లె’ దేని ముందు నిలబడితే దాని లెక్కే చెబుతుంది. ఇంగ్లీషు పొట్టిగా చెబుతుంది, స్పానిష్ విడమరిచి చెబుతుంది. కామెంటరీ చెప్పేవాళ్లకి మాత్రం ఈ విడమరచడమే కష్టం, ఎందుకంటే ఆ అమ్మాయి గాల్లో ఉండేది సుమారు ఒక్క సెకను, ఆ పేరు పూర్తిగా పలికేలోపు దిగి, చేతులు పైకెత్తి, తర్వాతి పరుగుకి సిద్ధమైపోతుంది.

‘పిరువేత’ గురించి ఇంకో మాట. ఇంగ్లీషులో ‘పిరోయెట్’ అనే మాట ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకోవద్దు. ఇంగ్లీషు జిమ్నాస్టిక్స్‌లో పిరోయెట్ అంటే బార్ల మీద చేతులపై తలకిందులుగా నిలబడి చేతులు మార్చుకుంటూ తిరగడం, లేదా నాట్యంలో ఒంటికాలి మీద తిరగడం. స్పానిష్ జిమ్‌లో పిరువేత అంటే ప్రధానంగా గాల్లో వేసే మెలిక. బార్ల మీద తిరగడాన్ని వాళ్లు ‘హీరో’ అంటారు, మన సినిమా హీరోతో దీనికి సంబంధం లేదు. హీరో అన్నది మెలికకి కూడా చెల్లుతుంది, అధికారిక భాషలో ‘360 డిగ్రీల హీరో’ అని రాయడం మామూలే. అంటే ఇంగ్లీషు పిరోయెట్‌కి పిరువేత అని రాస్తే తప్పయ్యే అవకాశం ఎక్కువ, హీరో అని రాస్తే తక్కువ. ఇదే మెలికని డైవింగ్‌లో స్పెయిన్‌వాళ్లు ‘తిరబుసోన్’ అంటారు, సీసా బిరడా తీసే మెలికల కడ్డీ పేరు అది. క్రీడ మారితే మాట మారిపోతుంది.

## ‘బార్రా’కి ఒక్క ‘స్’ తగిలిస్తే పరికరమే మారిపోతుంది

పరికరాల పేర్ల దగ్గరికొస్తే ఇంగ్లీషు, స్పానిష్ మధ్య తేడా కన్నా స్పానిష్‌కీ స్పానిష్‌కీ మధ్య తేడాలే ఎక్కువ. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలే 20. ఒక్కోచోట జిమ్నాస్టిక్స్ ఒక్కో దారిలో వచ్చింది, పేర్లూ అలాగే స్థిరపడ్డాయి.

ఆడవాళ్ల బ్యాలెన్స్ బీమ్ అయిదు మీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇంగ్లీషు బీమ్ అంటే దూలం. మెక్సికో, అర్జెంటీనా లాంటి చోట్ల దీన్ని ‘వీగ’ అంటారు, దానికీ దూలం అనే అర్థం. స్పెయిన్‌లో మాత్రం ‘బార్రా దే ఎకిలీబ్రియో’ అంటారు, మాటల్లో ఉత్త ‘బార్రా’. ఇప్పుడు అన్ఈవెన్ బార్స్, అంటే ఆడవాళ్లు వేలాడి తిరిగే ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉండే రెండు కడ్డీల సంగతి చూడండి. స్పానిష్‌లో అవి ‘బార్రాస్ అసిమేత్రికాస్’. ఇంగ్లీషు కామెంటేటర్ ‘ఆన్ బార్స్’ అన్నాడని, తొందరలో ‘ఎన్ బార్రా’ అని రాశారనుకోండి, స్పెయిన్‌లో చదివేవాళ్లు ఆ అమ్మాయి బీమ్ మీద చేస్తోందనుకుంటారు. ఏకవచనమైతే బీమ్, బహువచనమైతే బార్స్. స్పెయిన్‌లో చాలామంది ‘అసిమేత్రికాస్’ అనో ‘పారలేలాస్’ అనో అంటారు, దానికి ఈ భయమే ముఖ్య కారణమని చెప్పలేను గానీ గందరగోళం మాత్రం తగ్గుతుంది. అయితే ‘పారలేలాస్’ అంటే మగవాళ్ల పారలల్ బార్స్ కూడా! మగవాళ్ల హై బార్ ‘బార్రా ఫీహా’, అంటే కదలని కడ్డీ. కాబట్టి పోటీ ఆడవాళ్లదా మగవాళ్లదా అన్నది తెలియకుండా ఈ పేర్లని ముట్టుకోకపోవడమే మంచిది.

ఫ్లోర్‌కి స్పెయిన్‌లో ‘సువేలో’, అంటే నేల. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘పీసో’. స్పెయిన్‌లో పీసో అంటే ముందు గుర్తొచ్చేది అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు. మెక్సికోలో మూడో పేరుంది, ‘మానోస్ లీబ్రెస్’, అంటే ఖాళీ చేతులు. పట్టుకోవడానికి ఏ పరికరమూ లేకుండా చేసేది కాబట్టి ఆ పేరు. మొబైల్‌ని చేత్తో పట్టుకోకుండా మాట్లాడే సదుపాయానికి కూడా ఇప్పుడు అదే పేరు, అది వేరే సంగతి.

మగవాళ్లు పైనున్న రెండు పిడులు పట్టుకుని కాళ్లు తిప్పే పామెల్ హార్స్ దగ్గర పోలిక చూడముచ్చటగా ఉంటుంది. ఇంగ్లీషులో పామెల్ అంటే జీను ముందుభాగంలో పైకి లేచి ఉండే బుడిపె. మెక్సికోలో ‘కబాయో కోన్ అర్సోనెస్’ అంటారు, అర్సోన్ కూడా జీనులో భాగమే, ఫ్రెంచి పేరులోనూ ఇదే మాట ఉంది. స్పెయిన్‌లో ‘కబాయో కోన్ ఆర్కోస్’, అంటే కమానులున్న గుర్రం. ఒకరికి దాన్ని చూస్తే గుర్రపుస్వారీ గుర్తొచ్చింది, ఇంకొకరికి పిడుల ఆకారం కనిపించింది.

వాల్ట్ పరికరం 2001లో పూర్తిగా మారిపోయింది. అంతకుముందు పొడుగ్గా గుర్రంలా ఉండేది, ఆ తర్వాత వెడల్పాటి నాలుక ఆకారపు బల్ల వచ్చింది. స్పెయిన్ జిమ్నాస్ట్ హెర్వాసియో దెఫెర్ 2000 సిడ్నీలో పాత గుర్రం మీద బంగారు పతకం గెలిచాడు, 2004 ఏథెన్స్‌లో కొత్త బల్ల మీద మళ్లీ గెలిచాడు. గుర్రం పోయి ఇన్నేళ్లయినా స్పెయిన్‌లో జనం నోట ‘సాల్తో దే పోత్రో’ అనే మాట పోలేదు. పోత్రో అంటే గుర్రప్పిల్ల. నియమావళిలో ఉత్త ‘సాల్తో’ అని ఉంటుంది. పాత పేరు రాస్తే తప్పా? పేపర్ చదివేవాళ్ల కోసమైతే కాదు, పరికరం కొలతల గురించి రాస్తుంటే మాత్రం తప్పే.

రిథమిక్ జిమ్నాస్టిక్స్ పరికరాలతో పెద్ద తలనొప్పి లేదు. హూప్ ‘ఆరో’, బాల్ ‘పెలోతా’, రిబ్బన్ ‘సీంతా’. క్లబ్స్ ఒక్కటే చూసుకోవాలి: స్పానిష్‌లో ‘మాసాస్’, గద లాంటి ఆయుధం పేరు. ‘క్లబ్’ అని ఉంచేస్తే స్పానిష్‌లో అది ఆ అమ్మాయి శిక్షణ తీసుకునే సంస్థ అవుతుంది.

మెషీన్ అనువాదం బోల్తాపడేది ఇలాంటి చోట్లే. వాల్ట్‌కి డిక్షనరీలో ముందు కనిపించేది ‘బోవెద’, అంటే కమాను పైకప్పు లేదా బ్యాంకు లాకరు గది. బీమ్‌కి ‘ఆస్’, అంటే కాంతిపుంజం. బార్స్‌కి ‘బారెస్’, అంటే మందు తాగే చోట్లు. వాక్యం చుట్టూ జిమ్నాస్టిక్స్ వాతావరణం ఉంటే ఈ మధ్య మెషీన్లు బాగానే పట్టుకుంటున్నాయి, కానీ సబ్‌టైటిల్‌లో రెండు మూడు మాటల ముక్కలే వస్తాయి, ఆ ముక్కలో ఏ ఆధారమూ ఉండదు.

## సుద్ద, తోలు పట్టీ, ఒంటికి అతుక్కునే బట్ట

విన్యాసాల పేర్లు అందరూ జాగ్రత్తగా వెతుక్కుంటారు. మామూలు మాటే కదా అనుకున్న దగ్గర జారిపడతారు.

ఇంగ్లీషులో జిమ్నాస్ట్ చేతులకి రాసుకునే తెల్ల పొడిని చాక్ అంటారు. అది బడిలో వాడే సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్. స్పానిష్‌లో దాన్ని ఉన్నదున్నట్టు ‘మగ్నేసియా’ అనో, స్పెయిన్‌లో ‘మగ్నేసియో’ అనో అంటారు. ‘తీసా’ అని రాస్తే నల్లబల్ల మీద రాసే సుద్దముక్క అవుతుంది.

‘గ్రిప్స్’ అనే ఇంగ్లీషు మాటకి జిమ్‌లో రెండు అర్థాలున్నాయి. బార్ మీద వేలాడేటప్పుడు అరచేతికి కట్టుకునే తోలు పట్టీ ఒకటి, బార్‌ని పట్టుకునే తీరు ఇంకోటి. స్పానిష్‌లో పట్టీలు ‘కయేరాస్’, పట్టుకునే తీరు ‘ప్రేసా’ లేదా ‘అగార్రె’. కయేరాస్ అనే మాట ‘కాయో’ నుంచి వచ్చింది, కాయో అంటే రాపిడికి చర్మం గట్టిపడి ఏర్పడే కాయ. మనమూ చేతులు కాయలు కాచాయి అంటాం కదా! రెండు భాషలకీ ఏ చుట్టరికమూ లేదు, ఊరికే కలిసింది, కానీ ఒకసారి విన్నాక ఈ మాట ఇక మరిచిపోలేం. ఇంగ్లీషులో ‘ఆమె గ్రిప్ మార్చింది’ అని ఉంటే, వ్యాయామం మధ్యలోనా, పోటీకి ముందా అన్నది చూడాలి. మధ్యలో అయితే ప్రేసా, ముందు అయితే బహుశా కయేరాస్.

లియోటార్డ్ కథ ఇంకా మెలికలు తిరిగింది. ఈ పేరు 1838లో తులూజ్‌లో పుట్టిన ఫ్రెంచి ట్రపీజ్ కళాకారుడు జూల్ లెయొతార్ నుంచి వచ్చింది. ఆయన మాత్రం తను వేసుకున్న ఆ బట్టని ‘మాయో’ అనేవాడు. ఇంగ్లీషువాళ్లు మనిషి పేరు తీసుకున్నారు, స్పెయిన్‌వాళ్లు మనిషి వాడిన మాట తీసుకుని ‘మయోత్’ అంటున్నారు. మెక్సికోలో ‘లెయోతార్దో’, అర్జెంటీనాలో ‘మాయా’. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ స్పెయిన్‌లో ‘లెయోతార్దోస్’ అని బహువచనంలో అంటే చలికాలంలో పిల్లలకి నడుము దాకా తొడిగే మందపాటి మేజోళ్లు. మెక్సికో అనువాదాన్ని యథాతథంగా స్పెయిన్‌లో వేస్తే, ఒలింపిక్ ఫైనల్‌కి ఆ అమ్మాయి చలి మేజోళ్లు వేసుకొచ్చినట్టు చదువుకుంటారు.

## వెళ్లి మళ్లీ తిరిగొచ్చిన మాటలు

అనువాదం ఎప్పుడూ ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కే జరిగిందనుకోవద్దు. స్పానిష్‌లో ‘త్రంపొలీన్’ అంటే ఈతకొలనులో దూకే బల్ల. 1930లలో అమెరికన్ జిమ్నాస్ట్ జార్జ్ నిస్సెన్ ఎగిరి గంతులేసే ఒక పరికరం తయారుచేసి, స్పానిష్‌లో విన్న ఈ మాటకి చిన్న మార్పు చేసి ‘ట్రాంపొలిన్’ అని ట్రేడ్‌మార్క్ తీసుకున్నాడు. అలా స్పానిష్ మాట ఇంగ్లీషులో కొత్త వస్తువు పేరైంది. తర్వాత ఆ వస్తువు స్పానిష్ దేశాలకి వచ్చినప్పుడు, ‘త్రంపొలీన్’ అనే మాట అక్కడ అప్పటికే వేరే పనిలో ఉంది. స్పెయిన్‌లో వస్తువుకి ‘కామా ఎలాస్తికా’, అంటే సాగే మంచం అని పేరొచ్చింది. అయినా 2000 సిడ్నీలో ఒలింపిక్ పోటీ అయిన ఆ క్రీడని మాత్రం ‘త్రంపొలీన్’ అనే పిలుస్తారు. వాల్ట్‌కి ముందు పాదం మోపి ఎగిరే స్ప్రింగుబల్ల ఉంటుంది కదా, దాని పేరూ త్రంపొలీనే. అంటే ఇంగ్లీషులో డైవింగ్ బోర్డ్, స్ప్రింగ్‌బోర్డ్, ట్రాంపొలిన్ అని మూడు మాటలున్న చోట స్పానిష్ వాక్యంలో ఒకే మాట రావచ్చు.

ఫ్రెంచి, జర్మన్ మాటలు ఇన్ని ఎందుకున్నాయన్న ప్రశ్న కూడా రావాలి. జర్మనీలో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిన్‌లో వ్యాయామ మైదానం తెరిచాడు. జర్మన్ నుంచి ‘కీపె’ వచ్చింది, బార్ మీద వేలాడుతూ కాళ్లు విసిరి పైకి లేచే విన్యాసం, ఇంగ్లీషు ‘కిప్’ కూడా అదే మాట. కాళ్లు రెండూ నేలకి ఆనేలా చాచే స్ప్లిట్‌కి స్పెయిన్‌లో వాడే ‘స్పగాత్’ కూడా జర్మనే. ఫ్రాన్స్‌లో జిమ్నాస్టిక్స్‌కి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సిస్కో అమొరోస్, 1770లో వాలెన్సియాలో పుట్టిన స్పెయిన్ మనిషి. నెపోలియన్ కాలపు రాజకీయాల్లో ఓడినపక్షాన ఉండటంతో దేశం వదిలి పారిస్ చేరాడు, అక్కడే బడి పెట్టాడు. ఒక స్పెయిన్ మనిషి ఫ్రెంచివాళ్లకి జిమ్నాస్టిక్స్ నేర్పాడు, స్పానిష్ జిమ్నాస్టిక్స్‌లోకి ఫ్రెంచి మాటలు వచ్చాయి. నాకు ఈ కథలన్నిటిలో ఎక్కువ ఇష్టమైనది ఇదే.

ఆ ఫ్రెంచి మాటల్లో ఒకటి ‘ఫ్లిక్ ఫ్లాక్’. ఇంగ్లీషులో బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్, ఫ్రంట్ హ్యాండ్‌స్ప్రింగ్ అని అన్నదమ్ముల్లాంటి పేర్లున్నాయి. స్పెయిన్‌లో వెనక్కి వేసేది ఫ్లిక్ ఫ్లాక్, ముందుకి వేసేది ‘పలోమా’, అంటే పావురం. రెండు పేర్ల మధ్య ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషు జంట పేర్లు చూసి స్పానిష్‌లోనూ జంట పేర్లు కల్పించేవాళ్లున్నారు, చదివేవాడికి అర్థమవుతుంది గానీ జిమ్‌లో ఎవరూ అలా అనరు.

## పిల్లల మాట ఒకటి, పుస్తకం మాట ఇంకొకటి

చేతుల మీద తలకిందులుగా నిలబడటాన్ని ఇంగ్లీషులో అందరూ హ్యాండ్‌స్టాండ్ అనే అంటారు, పార్కులో పిల్లలైనా ఒలింపిక్ జడ్జీలైనా. స్పానిష్‌లో ఈ ఒక్కదానికే కనీసం నాలుగు పేర్లున్నాయి. స్పెయిన్ పిల్లలు ‘పీనో’ చేస్తామంటారు, పీనో అంటే దేవదారు జాతి చెట్టు, నిటారుగా నిలబడుతుంది కాబట్టి. అర్జెంటీనాలో ‘వెర్తికాల్’. మెక్సికో లాంటి చోట్ల ‘పరాద దే మానోస్’. పుస్తకంలో మాత్రం ‘అపోయో ఇన్వెర్తీదో’, అంటే తలకిందుల ఆనింపు. నలుగురూ చెప్పేది ఒకే భంగిమ గురించి. ఆరేళ్ల పిల్లకి నేర్పే వీడియోలో ‘అపోయో ఇన్వెర్తీదో’ అని వేస్తే పిల్ల బిత్తరపోతుంది, జడ్జీల శిక్షణలో ‘పీనో’ అంటే చులకనగా వినిపిస్తుంది.

మార్కుల భాషలో ఇంత గొడవ లేదు. 2006 నుంచి పదికి పది పద్ధతి పోయి రెండు మార్కులు కలిపే పద్ధతి వచ్చింది, డి అంటే కష్టం, ఇ అంటే చేసిన తీరు. స్పానిష్‌లో ఆ మాటలు ‘దిఫికుల్తాద్’, ‘ఎహెకుసియోన్’, మొదటి అక్షరాలు అవే కావడంతో అసలు మార్చే పనే పడలేదు. ‘స్కిల్’ని మాత్రం ‘అబిలిదాద్’ అని రాయకూడదు, అది నైపుణ్యం. ఇక్కడ కావాల్సింది ‘ఎలెమేంతో’. ఇంగ్లీషు రొటీన్‌కి లాటిన్ అమెరికాలో ‘రుతీనా’ బాగానే చెల్లుతుంది, స్పెయిన్‌లో ‘ఎహెర్సీసియో’ అంటారు. అన్ని పరికరాల మార్కులూ కలిపే ఆల్ అరౌండ్‌కి స్పెయిన్‌లో ‘కొన్కూర్సో కొంప్లేతో’, క్యూబా పత్రికల్లో ‘మాక్సిమో అకుములదోర్’, అంటే అందరికన్నా ఎక్కువ కూడబెట్టినవాడు.

## అందరికీ ఒకే స్పానిష్ పెట్టాలా?

దీని మీద మూడు వాదనలున్నాయి, మూడిట్లోనూ పస ఉంది.

ఇంగ్లీషు పేర్లు అలాగే ఉంచేయాలని కొందరంటారు. కోచ్‌లు దేశాలు మారుతుంటారు, వీడియోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి, పొట్టి మాటలు జిమ్‌లో అరిచి చెప్పడానికి తేలిక. ఇది కాదనలేని మాట. కానీ అప్పుడే చూడటం మొదలుపెట్టిన ప్రేక్షకుడికి ‘ఫుల్ ఇన్’ అంటే ఏం తెలుస్తుంది? మొదటి పల్టీలోనే పూర్తి మెలిక వేశారని స్పానిష్‌లో చెబితే ఎవరికైనా తెలుస్తుంది.

నియమావళి స్పానిష్ ప్రతిలో ఉన్న మాటలే అన్ని దేశాలూ వాడాలని ఇంకొందరు. నియమాలు, శిక్షణ, పరీక్షల వరకూ ఇదే సరైన దారి అని నాకూ అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కొన్ని డిగ్రీల తేడాతోనే మార్కు మారిపోవచ్చు. అయితే ఆ భాష ఏ దేశపు నోటిమాటా కాదు, దాంతో కామెంటరీ చెబితే ఎవరికీ తన సొంతం అనిపించదు.

మూడోవాళ్లు ఏ దేశం మాట ఆ దేశానికే అంటారు. చదివేవాళ్లకి దగ్గరగా ఉండేది ఇదే, కానీ ఒకే సబ్‌టైటిల్ 20 దేశాలకి వెళ్లే రోజుల్లో ఇరవై ప్రతులు ఎవరు చేస్తారన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. చాలామంది మధ్యేమార్గంగా, ఎక్కడా తప్పర్థం రాని మాట వెతుక్కుంటారు. ‘బార్రా’ బదులు ‘బార్రా దే ఎకిలీబ్రియో’ అని పూర్తిగా రాస్తే మెక్సికోలో కొత్తగా అనిపిస్తుందేమో గానీ ఎవరూ వేరే పరికరం అనుకోరు.

మనుషుల పేర్లు వాడితే ఈ తగవే ఉండదనిపిస్తుంది. యుర్చెంకో, త్సుకహారా అని ఎవరు మొదట చేశారో వాళ్ల పేరే విన్యాసానికి పెడతారు. కానీ అక్కడా చిక్కులున్నాయి. రష్యన్ పేరుని ఇంగ్లీషులో ‘ట్కచెవ్’ అని, స్పానిష్ పద్ధతిలో ‘త్కచోవ్’ అని రాస్తారు, వెతికేవాళ్లకి రెండూ ఒకటే అని తెలియాలి. ఇక ‘బైల్స్’ అంటే ఏది? ఫ్లోర్ మీద రెండు, వాల్ట్‌లో రెండు, బీమ్ మీద ఒకటి, మొత్తం అయిదు విన్యాసాలకి ఆమె పేరుంది. 2023లో ఆంట్‌వెర్ప్‌లో చేసిన వాల్ట్‌ని స్పానిష్‌లో ‘యుర్చెంకో దోబ్లె కార్పాదో’ అంటే వెంటనే తెలుస్తుంది, ఉత్త ‘బైల్స్’ అంటే తెలియదు.

ఇన్ని మాటల మధ్య జడ్జీలు ఎలా నెట్టుకొస్తున్నారంటే, వాళ్లు మాటలు రాయనే రాయరు. ప్రతి విన్యాసానికీ ఒక గుర్తు ఉంది, షార్ట్‌హ్యాండ్ లాగా చూస్తూనే గీసుకుంటూ పోతారు. వేర్వేరు భాషలవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నా ఆ గుర్తులు అందరికీ ఒకటే.

చివరిగా ఒక ఉదాహరణ. బీమ్ చివర నుంచి ముడుచుకుని వెనక్కి రెండు పల్టీలు, అందులో ఒక మెలిక, కదలకుండా దిగడం. ఇంగ్లీషులో దిగడాన్ని డిస్‌మౌంట్ అంటారు, గుర్రం దిగినట్టు. స్పానిష్‌లో ‘సలీద’, అంటే బయటికి రావడం. కదలకుండా దిగడాన్ని ఇంగ్లీషులో స్టిక్ చేయడం, అతుక్కుపోవడం అంటారు. స్పానిష్‌లో ‘క్లవార్’, మేకు దిగ్గొట్టడం. స్పెయిన్ కామెంటేటర్ అంటాడు: ‘క్లావో లా సలీద దే బార్రా, దోబ్లె మోర్తాల్ అగ్రుపాదో కోన్ పిరువేత.’ మెక్సికోలో: ‘క్లావో లా సలీద దే వీగ, దోబ్లె మోర్తాల్ అగ్రుపాదో కోన్ హీరో.’ మారింది రెండు మాటలే. ఈలోగా జడ్జి కాగితం మీద గుర్తు గీసేసి తలెత్తేసరికి, తర్వాతి అమ్మాయి చేతులకి మగ్నేసియా రాసుకుంటూ ఉంటుంది.